చెరువు వైపు ఇల్లు

ఆ వానాకాలం సగం దాకా మా అక్క నన్ను పొగుడుతూనే ఉంది. పాల ప్యాకెట్లు వేసే అతనికి, కాలనీ ఆఫీసు గుమాస్తాకి, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లకి, ఎవరు దొరికితే వాళ్లకి ఒకటే మాట. "రెండిళ్లు మిగిలితే చెరువు కనిపించేది నాకిచ్చి, పక్కది తను తీసుకున్నాడు మా తమ్ముడు." నేను అక్కడే ఉంటే తల వంచుకునేవాణ్ణి. చూసినవాళ్లు దాన్ని వినయం అనుకునేవారు.

నా పని నేల ఎత్తుపల్లాలు కొలవడం. రోడ్లు వేసేవాళ్లూ కాలవలు తవ్వేవాళ్లూ పిలుస్తారు. మూడు కాళ్ల స్టాండు మీద లెవెల్ బిగిస్తాను. దూరంగా ఒక మనిషి అంకెలున్న పొడుగాటి బద్ద పట్టుకుని నిలబడితే, అద్దంలోంచి ఆ అంకె చదివి పుస్తకంలో రాసుకుంటాను. నాది పాత లెవెల్. అందులోంచి చూస్తే మనుషులు తలకిందులుగా కనిపిస్తారు. చదువుకునే రోజుల్లో సాధన చేయడానికి బద్ద పట్టే మనిషి దొరక్కపోతే అక్కే కుట్టుమిషను ఆపి వచ్చి, ఎండలో నిలబడేది. "నన్ను తలకిందులుగా చూసి చూసి పాసయ్యాడు వీడు" అని మొన్నమొన్నటి దాకా ఆటపట్టించేది. బద్ద మీద అంకె పెరిగితే అక్కడ నేల దిగినట్టు లెక్క. ఆ సంగతి నాతో పాటే ఆమెకీ వచ్చేసింది.

కాలనీ ఊరి చివర ఉంది. ఒక కంపెనీ ముందు కాగితం మీద గీసుకుని, తర్వాత నేల మీద దించింది. వీధులన్నిటికీ పూలపేర్లు. ఇళ్లన్నీ ఒకటే రంగు, ఒకటే కప్పు, ముందు దుప్పటి పరిచినంత గడ్డి. చెట్లు కూడా ఒకే ఈడువి, కర్రలకు కట్టేసి ఉండేవి. నడక దారి, సైకిలు దారి, పిల్లలకు జారుడుబల్లలు, అన్నిటికీ చివర తవ్వించిన చెరువు, అందులో రెండు బాతులు. మా బావ బస్సు డ్రైవరు, ఊరికే ఉండలేడు. "బాతులు కూడా కంపెనీవేనా అమ్మా?" అని అడిగాడు. ఇళ్లు చూపించే అమ్మాయి నవ్వకుండా "అవునండీ, నిర్వహణలోనే వస్తాయి" అంది.

ఆఫీసులో గోడంత మ్యాపు ఉండేది. అమ్ముడైన ఇంటి మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. మేం వెళ్లేసరికి మ్యాపుకి తట్టు పోసినట్టుంది. పక్కపక్కన ఉన్నవి కావాలంటే రెండే మిగిలాయి, చెరువు వీధిలో చివరివి. నలభై ఒకటి, నలభై రెండు. ధర ఒకటే, గదులు ఒకటే.

"నువ్వే చెప్పరా" అంది అక్క. "నేలతో మాట్లాడేవాడివి నువ్వు. మేం బట్టలతోనూ బస్సులతోనూ మాట్లాడేవాళ్లం."

"నలభై రెండు నువ్వు తీసుకో అక్కా. వంటింటి కిటికీలోంచి చెరువు కనిపిస్తుంది."

"మరి నీకు?"

"మాకేదైనా ఒకటే."

"విన్నారా?" అని బావని మోచేత్తో పొడిచింది. "మంచిది నాకిచ్చేశాడు." ఆ అమ్మాయి చేతిలోంచి స్టిక్కరు అడిగి తీసుకుని, తనే వెళ్లి నలభై రెండు మీద అంటించి, ఊడిపోతుందేమోనన్నట్టు బొటనవేలితో రెండుసార్లు నొక్కింది.

అసలు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అంతకు ముందు ఆదివారం నేను లెవెల్ తీసుకుని అక్కడికి వెళ్లాను. బద్ద పట్టింది మా ఆవిడ. పార్కు మూల దీపస్తంభం కింద ఒక రాతి మీద కంపెనీవాళ్ల ఎర్ర గుర్తు ఉంది, ఎత్తు లెక్కలన్నీ అక్కణ్ణుంచే మొదలవుతాయి. ఆ గుర్తు పట్టుకుని రెండిళ్ల గడపలూ కొలిచాను. నలభై రెండు గడప నలభై ఒకటి కన్నా ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్లు కిందుంది. అంతటితో ఊరుకోకుండా చెరువు అలుగు కూడా కొలిచాను. చెరువు నిండితే నీళ్లు బయటికి పోవాల్సిన దారి అది. ఆ గడప అలుగు కన్నా తొమ్మిది సెంటీమీటర్లు కింద. అంటే పెద్ద వాన పడితే నీళ్లు అలుగు దాకా వెళ్లే పని ఉండదు, ముందే నలభై రెండులోకి వస్తాయి. పుస్తకంలో రాసుకుని, కింద రెండు గీతలు గీశాను.

"ఎలా ఉన్నాయండీ?" అని అడిగింది మా ఆవిడ, బద్ద భుజాన వేసుకుని.

"రెండూ బాగానే ఉన్నాయి" అన్నాను.

మా అమ్మాయికి ఉబ్బసం. తేమ ఉన్న ఇంట్లో ఉంచొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అదే నాకు నేను చెప్పుకున్న కారణం. ఎలాగూ కంపెనీవాళ్లు కాలవ తవ్వుతారనీ, అంత వాన ఎక్కడ పడుతుందిలే అనీ కూడా అనుకున్నాను. పిల్ల సంగతి నిజమే. కానీ అక్కకి చెప్పకపోవడానికి అది కారణం కాదు. చెబితే ఇద్దరం కలిసి ఆ వీధే వద్దనుకుంటామేమో, లేదా ఆమె నలభై ఒకటి అడుగుతుందేమో. నాకు ఆ ఇల్లు కావాలి. అంతే.

ఎండలు తగ్గే వేళకి ఇళ్లలో చేరాం. అక్క బజార్లో ఉన్న దుకాణం ఖాళీ చేసి, ముందుగదిలోనే మిషన్లు పెట్టుకుంది. మూడు స్కూళ్ల యూనిఫారాలు కుట్టే పని ఆమెది. రెండు పెరళ్లకీ మధ్య కంచెలో చిన్న గేటు పెట్టుకుంటామని కాలనీ ఆఫీసుకి అర్జీ పెట్టాం. మూడు ఉత్తరాలు తిరిగాక ఒప్పుకున్నారు. గేటు రంగు కూడా వాళ్లే చెప్పారు. ఆ గేటు తీసుకుని అక్క పొద్దున్నే మా వంటింట్లోకి వచ్చేది, నోట్లో గుండుసూదులతో, మెళ్లో టేపుతో. తలుపు కొట్టడం, "ఉన్నారా" అనడం ఏమీ లేదు. తిన్నగా వచ్చి గిన్నె మీద మూత తీసి చూసేది. "ఏరా, లేచావా? చెరువు మీద ఎండ ఎంత బాగుందో, రా చూద్దువుగాని. నీదే కదా పుణ్యం."

నేను వెళ్లి ఆమె వంటింటి కిటికీ దగ్గర నిలబడి చెరువు చూసేవాణ్ణి. ఆమె ఎండని చూసేది. నేను నీళ్లు గట్టుకి ఎంత కిందున్నాయో చూసేవాణ్ణి.

మొదటి వానలు మామూలుగా వచ్చి పోయాయి. రెండో నెలలో ముసురు పట్టింది. నాలుగు రోజులు వదల్లేదు. నేల కొలిచే పనులన్నీ ఆగిపోయి ఇంట్లో ఉన్నాను. నాలుగోరోజు పొద్దున పెరటి చివరికి వెళ్లి చూస్తే బాతులు కూర్చునే రాయి కనిపించలేదు. ఆ రాయి ఎత్తు కూడా నాకు తెలుసు. సాయంత్రానికి నీళ్లు అక్క గడప దాకా వస్తాయి అనుకున్నాను. అనుకుని, కాసేపు పేపరు చదివాను.

మధ్యాహ్నం ఆగలేక అక్క ఇంటికి వెళ్లాను. ముందుగది నిండా యూనిఫారాలు. కుట్టడం అయిపోయి, ఇస్త్రీ చేసి, తరగతుల వారీగా కట్టలు కట్టి నేల మీద పరిచిన దుప్పట్ల మీద పేర్చి ఉన్నాయి. అక్క ఒక్కో కట్టకీ చీటీ గుచ్చుతోంది. చీటీ మీద స్కూలు, తరగతి, కొలత తీసుకున్న తారీఖు.

"తారీఖెందుకే?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

"బాగుంది. తారీఖు లేకపోతే రేపు పిల్లాడు లావయ్యాడో బట్ట కుంచించుకుపోయిందో ఎలా తెలుస్తుంది? వాళ్లమ్మ వచ్చి నా మీద పడదూ? కూర్చో, టీ పెడతాను."

టీ తాగాను. కట్టల వైపు చూశాను. "ఇవి కాస్త మంచాల మీద పెట్టరాదూ?" అన్నాను.

"ఎందుకు? సాయంత్రం స్కూలు వ్యాను వచ్చి పట్టుకుపోతుంది. మళ్లీ ఎత్తడం, మళ్లీ దించడం, నా నడుం విరిగిపోదూ?"

"వాన కదా."

"వాన బయట కదరా" అని నవ్వింది.

ఆ ఒక్క క్షణం నేను చెప్పి ఉండాల్సింది. నీళ్లు వస్తాయి అక్కా, లే, ఇద్దరం ఎత్తేద్దాం అంటే సరిపోయేది. నీకెలా తెలుసురా అని అడుగుతుంది. అందుకని కప్పు కడిగి బోర్లించి మా ఇంటికి వచ్చేశాను.

నాలుగింటికి అక్క కేక వినిపించింది. చిన్న గేటులోంచి పరిగెత్తాను. నీళ్లు గడప దాటి చాలాసేపు కాలేదు, మడమల దాకా ఉన్నాయి, చల్లగా, బురద రంగులో. అడుగు కట్టలు అప్పటికే తాగేశాయి. పైవాటిని అక్క రెండు చేతులా ఎత్తి ఎక్కడ పెట్టాలో తెలియక గుండ్రంగా తిరుగుతోంది. తెల్ల చొక్కాలు, నీలం లాగులు, నీలం రంగు తెల్లలోకి దిగుతోంది. నేను మిషన్లు ఎత్తాను, మా ఆవిడ మంచాల మీదికి కట్టలు అందించింది. బావ డ్యూటీ నుంచి వచ్చేసరికి పిక్కల సగం దాకా వచ్చి ఆగాయి.

మా ఇంటి గడప కూడా తడవలేదు.

అక్క ఆ పూట మా ఇంట్లో పడుకుంది. మా అమ్మాయిని పక్కన వేసుకుని, దాని వీపు నిమురుతూ అంది. "పోనీలేరా. మీ ఇంట్లోకి రాలేదు, అదే నయం. పిల్లకి ఆయాసం వచ్చేది." తర్వాత బావతో అంది. "వీడు లేకపోతే మిషన్లు కూడా పోయేవి. పొద్దుట్నుంచి వాడికి మనసులో ఏదో అనిపిస్తూనే ఉంది, పైన పెట్టమన్నాడు. నేనే వినలేదు."

పక్కగదిలోంచి మా ఆవిడ నన్ను చూసింది. పక్కలు వేస్తూ మెల్లగా అడిగింది. "ఆ ఆదివారం మనం కొలిచింది ఇదేనా?"

"ఇదే."

తిట్టి ఉంటే బాగుండేది. దుప్పటి నాకు ఒకటి, తనకు ఒకటి వేరువేరుగా పరిచి అటు తిరిగి పడుకుంది.

నీళ్లు తీయడానికి రెండ్రోజులు పట్టింది. ఎండ రాగానే అక్క పరుపులు, దుప్పట్లు, మిగిలిన చొక్కాలు ఇంటిముందు గడ్డి మీద ఆరేసింది. మర్నాడే కాలనీ ఆఫీసు నుంచి ఉత్తరం. ఇళ్ల ముందు బట్టలు ఆరవేయుట నియమాలకు విరుద్ధము, కాలనీ అందము దృష్ట్యా సహకరించగలరు. బావ దాన్ని రెండుసార్లు చదివి, "అందము దృష్ట్యా" అని పళ్లు కొరికి, బస్సు హారన్ అంత గట్టిగా నవ్వాడు. అక్క నవ్వలేదు. ఒక స్కూలువాళ్లు పని వేరేవాళ్లకి ఇచ్చేశారని అప్పుడే తెలిసింది. గోడలకి జానెడు ఎత్తున బురద గీత ఉండిపోయింది. కిటికీ కింద చెరువు ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది.

బావ కంపెనీ ఆఫీసుకి వెళ్లాడు. ఇల్లు మీరే చూసి, మీరే ఎంచుకుని సంతకం పెట్టారు కదా అన్నారు వాళ్లు. వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"ఏమోయ్ కొలతల మాస్టారూ. నోటిమాటలు వాళ్ల దగ్గర పనికి రావట. నువ్వు కొలిచి, మా గడప కిందుంది, అలుగు పైనుంది అని అంకెలతో రాసివ్వు. వచ్చే ఆదివారం కాలనీ మీటింగులో పెడతాను. గట్టు కట్టి కాలవ తవ్వేదాకా వదలను. లేకపోతే మళ్లీ అద్దె కొంపే మాకు."

"అలాగే బావా" అన్నాను. కాదనడానికి ఏముంది.

శనివారం పొద్దున లెవెల్ దింపాను. బద్ద బావ పట్టుకున్నాడు. అంకెలు నేను రాస్తానంటూ అక్క స్టూలు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది, చెవిలో పెన్సిలు పెట్టుకుని. ఎన్నాళ్లకో మళ్లీ ఇలా అని కాస్త హుషారుగా కూడా ఉంది. లెవెల్ పుస్తకం ఆమె ఒళ్లో పెట్టాను. అద్దంలో కన్ను పెట్టి చూస్తే ఎర్ర గుర్తు మీద బావ తలకిందులుగా వేలాడుతున్నాడు.

"ఒకటి పాయింటు సున్నా ఆరు" అన్నాను.

"ఒకటి పాయింటు సున్నా ఆరు" అంటూ రాసింది. "ఈ పక్క గడి ఖాళీగా ఉందేం? ఏం రాయాలి?"

"అది ఎర్ర గుర్తు ఎత్తు. వెనక పేజీల్లో ఉంటుంది, చూసి ఎక్కించు."

ఇరవై ఏళ్లుగా బద్ద పట్టేవాళ్లకీ పుస్తకం రాసేవాళ్లకీ రోజుకి పదిసార్లు చెప్పే మాట. నోరు దానంతట అదే అనేసింది. అనేశాక తెలిసింది ఏమన్నానో. పేజీలు తిప్పిన చప్పుడు వినిపించింది. నేను అద్దంలోంచి కన్ను తీయలేదు. బావ తలకిందులుగానే ఒక చేత్తో బద్ద పట్టుకుని రెండో చేత్తో దోమల్ని తోలుకుంటున్నాడు.

పుస్తకం ఎప్పుడూ ఒకటే. పని ఏదైనా పేజీ పైన తారీఖు వేయడం నా అలవాటు, నేర్పించినవాళ్లు అలాగే నేర్పించారు. నలభై ఒకటి గడప. నలభై రెండు గడప. అలుగు. కింద ముప్ఫై ఎనిమిది, తొమ్మిది, రెండు గీతలు. స్టిక్కరు అంటించిన ఆదివారానికి సరిగ్గా ముందు ఆదివారం.

"అయిందా?" అని అక్కణ్ణుంచి బావ కేకేశాడు. "చెయ్యి లాగుతోందయ్యా!"

"ఉండండి, రాసుకుంటున్నాను" అంది అక్క. గొంతు మామూలుగానే ఉంది. గడిలో ఎర్ర గుర్తు ఎత్తు ఎక్కించింది. తర్వాత, నాకు మాత్రమే వినిపించేలా అంది.

"పిల్లకి తేమ పడదని నాకు తెలియదుట్రా?"

నేను అప్పటికే బిగిసి ఉన్న లెవెల్ మరని మళ్లీ బిగించాను.

"ఒక్క మాట అడిగి ఉంటే నేనే దీన్ని తీసుకునేదాన్ని. తెలిసే తీసుకునేదాన్ని. కట్టలు పైన పెట్టుకునేదాన్ని."

"అక్కా, ఇళ్లు మార్చుకుందాం. రేపే మార్చేద్దాం."

"పిల్లని తెచ్చి ఆ బురద గోడల మధ్య పడుకోబెడతావా? ఊరుకో." పెన్సిలు ముక్కు చీరకొంగుతో తుడిచింది. "ఇంకా ఎన్ని ఉన్నాయి రాయాల్సినవి?"

"నాలుగు."

"చెప్పు."

చెప్పాను. ఒక్కోటీ తిరిగి పలుకుతూ రాసింది, అంకె తప్పకుండా. పేజీ పైన ఆరోజు తారీఖు వేసింది. వెనక పేజీ ఊసు బావ ముందు ఎత్తలేదు. పుస్తకం మూసి నా చేతికిచ్చి, స్టూలు తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

మీటింగులో బావ కాగితం చదివి, "ఇది మా బావమరిది కొలిచిన కొలత, వెంట్రుకవాసి తేడా ఉండదు" అని నా భుజం తట్టాడు. అందరూ నా వైపు తిరిగి చూశారు. నన్ను పొగిడే అవకాశం అంత చక్కగా మళ్లీ రాదు. అక్క మాత్రం ఒళ్లో చేతులు పెట్టుకుని, అసలు ఆ మాట తన చెవిన పడనట్టు కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

వానలు వెనకబట్టే లోపు కంపెనీవాళ్లు దిగి గట్టు ఎత్తు చేశారు, కాలవ తవ్వారు. ఆ తర్వాత నలభై రెండులోకి నీళ్లు రాలేదు. గోడలకి మళ్లీ అదే రంగు వేశారు. పోయిన స్కూలు పని తిరిగి రాలేదు గానీ, మిగతా రెండూ ఉన్నాయి. బావకి ఇప్పటికీ తెలియదు. అక్క చెప్పదు. తెలిస్తే ఆయన నన్ను వాకిట్లో నిలబెట్టి కడిగేసేవాడు, అందులో నాకు కాస్త ఊరట ఉండేది. అది కూడా దక్కలేదు.

పెరట్లో చిన్న గేటుకి తాళం లేదు, గొళ్లెం కూడా వేయదు ఎవరూ. అయినా అక్క ఇప్పుడు వీధిలోంచి తిరిగి వస్తుంది. గడ్డి చుట్టూ నడిచి, మెట్టెక్కి, బెల్లు నొక్కి, తలుపు తీసేదాకా నిలబడుతుంది. మా అమ్మాయికి ఇది అర్థం కాదు. "అత్తా, వెనకనుంచి రావొచ్చుగా, దగ్గర కదా?" అంటుంది.

"ఇలాగే బాగుందమ్మా. నడక."

నేను వెళ్లి తలుపు పూర్తిగా తెరిచి, పక్కకి జరిగి, "రా అక్కా" అంటాను. మునుపు ఆ మాట అనే అవసరమే ఉండేది కాదు.